రెండు చివరలూ మన చేతిలో ఉన్నప్పుడే: వెబ్ ప్రాక్సీల ప్రమాణ పరీక్ష గురించి

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, యువ ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లకుండా ఇంతమంది ఈ హాలుకు వచ్చి కూర్చున్నందుకు ముందుగా మీ అందరికీ కృతజ్ఞతలు.

విషయంలోకి వెళ్లే ముందు ఒక సంఘటన చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక కళాశాలలో సెమిస్టర్ ఫలితాలు వెలువడిన రోజున ఒక విద్యార్థిని తన హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ అయి, "నా ఫలితాలు" అన్న పేజీ తెరిచింది. తెర మీద ఆమె పేరు లేదు. వేరొక అబ్బాయి పేరు, అతని మార్కులు, అతడు తప్పిన రెండు సబ్జెక్టులు ఉన్నాయి. పది నిమిషాల తరువాత మళ్లీ తెరిస్తే ఆమె మార్కులే సరిగ్గా వచ్చాయి. ఆలోగా అతడి మార్కులు ఎంతమంది చూశారో లెక్క లేదు. ఆ రోజు ఆ అబ్బాయి హాస్టల్ గదిలోంచి బయటికి రాలేదని తరువాత విన్నాను. ఈ పని మీద నాకున్న పట్టుదలకు ఆ మాట కూడా ఒక కారణం.

సర్వరు రాసిన వారిని అడిగితే తప్పు తమది కాదన్నారు. సర్వరు లాగ్, అంటే వచ్చిన అభ్యర్థనల నమోదు, తీసి చూస్తే ఆమె అభ్యర్థన అసలు సర్వరు దాకా చేరనే లేదు. బ్రౌజరుది కూడా తప్పు కాదు, తనకు వచ్చిన పేజీనే అది చూపించింది. ఫలితాల రోజు తాకిడి తట్టుకోవడానికి సర్వరు ముందు ఒక రివర్స్ ప్రాక్సీ పెట్టారు. అంటే సర్వరు తరఫున అభ్యర్థనలు అందుకుని, జవాబుల నకళ్లను తన క్యాష్‌లో దాచి, మళ్లీ అడిగినవారికి వాటినే ఇచ్చే మధ్యవర్తి. దానిని పరిశీలించడానికి నన్ను పిలిచారు.

సర్వరు ప్రతి ఫలితాల పేజీతో పాటు పంపిన హెడర్, అంటే పేజీకి ముందు వచ్చే సూచన వరుస, ఇది: "క్యాష్-కంట్రోల్: ప్రైవేట్, మ్యాక్స్-ఏజ్=600". ఈ పేజీ ఒక్క మనిషికే చెందినది, అతని బ్రౌజరు కావాలంటే 600 సెకన్లు దాచుకోవచ్చు, నలుగురూ వాడే ఉమ్మడి క్యాష్ మాత్రం దాచకూడదు అని దాని అర్థం. రాసినవారు "ప్రైవేట్" అన్న మాటలో మొదటి అక్షరాన్ని ఇంగ్లీషు పెద్ద అక్షరంతో రాశారు. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదం లేదు గనుక, ఈ ప్రసంగాన్ని అచ్చు వేస్తే ఆ తేడా మీకు కాగితం మీద కనిపించదు కూడా. ఇంగ్లీషు లిపిలో ఆ భేదం ఉన్నా, ఈ ఆదేశాల పేర్లను పోల్చేటప్పుడు దానిని లెక్క చేయకూడదని ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. ఆ ప్రాక్సీ లెక్క చేసింది. చిన్న అక్షరాల "ప్రైవేట్" కోసమే వెతికి, అది దొరకక, ఇది తనకు తెలియని ఆదేశమనుకుంది. తెలియని ఆదేశాన్ని పట్టించుకోకుండా వదిలేయాలన్నది కూడా ప్రమాణంలోని నియమమే కాబట్టి దానిని వదిలేసింది. మిగిలిన మ్యాక్స్-ఏజ్‌ను గౌరవించి, అబ్బాయి మార్కుల పేజీని పది నిమిషాల పాటు దాచి, అదే చిరునామా అడిగిన ప్రతివారికీ ఇచ్చింది. ఒక్క తప్పు చేసి, ఆ తరువాతి రెండు పనులను పూర్తిగా నియమం ప్రకారమే చేసింది.

ఈ సంఘటనలో నాకు ముఖ్యంగా తోచింది ఏమిటంటే, ఇటు బ్రౌజరుకు గానీ అటు సర్వరుకు గానీ ఏదైనా తప్పు జరిగినట్టు తెలిసే అవకాశమే లేదు. మధ్యలో ఉన్నవాడు చేసిన మార్పు చివరలకు కనిపించదు. అందువల్ల ప్రాక్సీని పరీక్షించేవారు రెండు చివరలనూ తామే పట్టుకోవాలి. నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. మిగిలినదంతా దీని చుట్టూ తిరిగేదే.

ఇక ప్రమాణం అంటే ఏ ప్రమాణం? బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే భాష పేరు హెచ్‌టీటీపీ; ఇంటర్నెట్ నియమాలు అచ్చయ్యే వరుస పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు, ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. హెచ్‌టీటీపీ 1.0 ను వివరించిన ఆర్‌ఎఫ్‌సీ 1945 పత్రం 1996 మేలో వచ్చింది. 1.1 మొదటి రూపం 1997 జనవరిలో, సవరించిన రూపం 1999 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2616 గా వచ్చాయి. 176 పుటల ఆ పత్రం పదిహేనేళ్లు నిలిచింది. 2014 జూన్‌లో దానిని ఆరు పత్రాలుగా విడగొట్టి తిరగరాశారు. 2022 జూన్‌లో మళ్లీ సవరించి, అర్థానికి సంబంధించిన నియమాలను 9110 లో, క్యాష్ నియమాలను 9111 లో, 1.1 సందేశాలను తీగ మీద ఎలా రాయాలో చెప్పే నియమాలను 9112 లో ఉంచారు. ఈ రోజు పరీక్ష రాసేవారు బల్ల మీద పెట్టుకోవలసినవి ఈ మూడూ.

ఈ పత్రాలలో ప్రతి నియమానికీ ఒక బలం ఉంటుంది. 1997 మార్చి నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 ఆ బలాలకు పేర్లు పెట్టింది: మస్ట్, షుడ్, మే. వీటిని తెలుగులో చెప్పబోతే ఒక చిక్కు వస్తుంది. "చేయాలి" అన్న మన మాట మొదటిదానికీ సరిపోతుంది, రెండోదానికీ సరిపోతుంది. పాత శాసనాల భాషలో ఈ చిక్కు లేదు. "చేయవలెను" అంటే తప్పించుకోవడానికి వీల్లేదు, "చేయదగును" అంటే గట్టి కారణం ఉంటే తప్ప మానకూడదు, "చేయవచ్చును" అంటే మీ ఇష్టం. మా బృందంలో పరీక్షల పట్టిక తెలుగులో రాసుకునేటప్పుడు నేను ఈ మూడు రూపాలనే వాడతాను. వలెను ఉన్నచోట మాట తప్పితే అది ఉల్లంఘన. దగును ఉన్నచోట తప్పితే అది హెచ్చరిక, తయారీదారు తన కారణం చెప్పుకోవచ్చు. వచ్చును ఉన్నచోట పరీక్ష తీర్పు ఇవ్వకూడదు, జరిగినదానిని నమోదు చేయాలి అంతే. ఈ మూడింటినీ కలగలిపి "నూటికి ఇన్ని మార్కులు" అని ఇచ్చే నివేదికలను నేను నమ్మను, మీరూ నమ్మవద్దని కోరుతున్నాను.

పరీక్ష అమరిక ఇలా ఉంటుంది. ఒకే ప్రోగ్రాము రెండు పాత్రలు పోషిస్తుంది: ఒక వైపు పేజీ అడిగే క్లయింటు, మరో వైపు జవాబిచ్చే సర్వరు. మధ్యలో పరీక్షకు నిలిచిన ప్రాక్సీ ఉంటుంది. క్లయింటు పంపినది ప్రతి బైటూ మనకు తెలుసు. సర్వరు వైపు వచ్చి చేరినదీ తెలుసు. ఆ రెంటి మధ్య తేడాయే ప్రాక్సీ చేసిన పని. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ప్రతి పరీక్షకూ చిరునామాలోనే ఒక కొత్త సంఖ్య పెడతాము. సర్వరు వైపు ఉన్న సగం ఆ సంఖ్యను చూసి ఇది ఏ పరీక్ష, దీనికి ఏమి జవాబివ్వాలి అని గుర్తుపడుతుంది. ఆ సంఖ్యను హెడర్‌లో పెట్టకపోవడానికి కారణం ఉంది. పరీక్షిస్తున్నదే హెడర్లను మార్చే యంత్రాన్ని గనుక, మన గుర్తును దాని చేతికే అప్పగించడం మంచిది కాదు. బైట్లను పంపడానికి మామూలు హెచ్‌టీటీపీ లైబ్రరీలను వాడకుండా నేరుగా సాకెట్, అంటే నెట్‌వర్క్ మీది కనెక్షన్, తెరిచి రాయాలి. మంచి లైబ్రరీ తప్పు సందేశాన్ని పంపనివ్వదు, మనకు కావలసినవేమో చాలావరకు తప్పు సందేశాలే.

ఏ తేడాలు ఉండవచ్చు, ఏవి ఉండకూడదు? ఈ ఊరి వారికి దీనిని రేవు లెక్కలో చెప్పడం తేలిక. రేవులో దిగిన కంటైనరుకు ఒక సీలు ఉంటుంది. సరుకు అందుకునేవారి గోదాము దాకా దానిని ఎవరూ తెంచకూడదు. అదే సరుకు లారీ ఎక్కినప్పుడు ఈ-వే బిల్లులో ఆ లారీ నంబరు ఉంటుంది. దారిలో లారీ మారితే ఆ నంబరు మారాలి. పాత నంబరుతోనే ముందుకు వెళితే తనిఖీలో తిప్పలు తప్పవు. హెచ్‌టీటీపీ హెడర్లూ ఇలాగే రెండు రకాలు. కొన్ని చివరి వరకూ వెళ్లవలసినవి, కొన్ని ఒక్క అంగ వరకే, అంటే ఒక యంత్రం నుంచి పక్క యంత్రం దాకానే, చెల్లేవి. "కనెక్షన్" అనే హెడర్ ఈ రెండో రకం వాటి జాబితా. అందులో ఏ పేరు కనిపిస్తే ఆ పేరున్న హెడర్‌ను ప్రాక్సీ తీసేసి, ఆ తరువాతే సందేశాన్ని ముందుకు పంపవలెను. చాలా ప్రాక్సీలు కీప్-అలైవ్, అప్‌గ్రేడ్ వంటి పేరున్న నాలుగైదింటిని తీసేసి ఊరుకుంటాయి. మనం అప్పటికప్పుడు పుట్టించిన పేరును కనెక్షన్ జాబితాలో రాసి, ఆ పేరుతో ఒక హెడర్ పంపి, అది అటు వైపు చేరిందా లేదా చూస్తే చాలు, ప్రాక్సీ నియమాన్ని చదివి రాసిందో, తోటివాటిని చూసి రాసిందో బయటపడుతుంది.

క్యాష్ పరీక్షల దగ్గరికి వచ్చేసరికి కొత్తవారు తరచు చేసే ఒక పొరపాటు ఉంది, దాని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. "ప్రైవేట్ అన్న పేజీని దాచకూడదు" అన్న నియమానికి పరీక్ష రాయమంటే ఎలా రాస్తారు? ఒకసారి అడుగుతారు, సర్వరు ప్రైవేట్ అన్న హెడర్‌తో జవాబిస్తుంది. రెండోసారి అదే చిరునామా అడుగుతారు. రెండో అభ్యర్థన సర్వరు దాకా వస్తే ఉత్తీర్ణం, రాకపోతే ఉల్లంఘన. చూడడానికి బాగానే ఉంది. కానీ క్యాష్‌ను పూర్తిగా ఆపేసిన ప్రాక్సీని దీని ముందు నిలబెడితే అది కూడా ఉత్తీర్ణమే. నిజానికి "దాచకూడదు" అన్న నియమాల పరీక్షలన్నీ అది పాసవుతుంది. తలుపే లేని ఇంటికి తాళం బాగుందని కితాబు ఇచ్చినట్టు. అందుకని ప్రతి నిషేధ పరీక్షకూ ముందు ఒక ఆధార పరీక్ష ఉండాలి: అదే పేజీ, అదే మ్యాక్స్-ఏజ్, ప్రైవేట్ అన్న ఒక్క మాట మాత్రం లేకుండా. అది దాచబడితేనే, ప్రైవేట్ ఉన్నది దాచబడకపోవడానికి అర్థం ఉంటుంది. ఆధార పరీక్ష నెగ్గకపోతే తీర్పు ఉత్తీర్ణమూ కాదు, ఉల్లంఘనా కాదు. "నిర్ణయించలేదు" అన్న మూడో గడి నివేదికలో ఉండి తీరాలి. ఆ గడి లేని నివేదికలో ఆకుపచ్చ రంగు ఎంత ఉన్నా, అందులో ఎంత భాగం నిజమో చెప్పలేము.

కాలానికి సంబంధించిన పరీక్షలకు ఓపిక కావాలి. ఒక ఉదాహరణ చెబుతాను. మన సర్వరు "మ్యాక్స్-ఏజ్=60" తో పాటు "ఏజ్: 50" అని కూడా పంపుతుంది. అంటే ఈ పేజీ మన దాకా రాకముందే ఎక్కడో మరో క్యాష్‌లో యాభై సెకన్లు గడిపిందన్నమాట, ఇంకా మిగిలిన ఆయువు పది సెకన్లే. పదిహేను సెకన్లు ఆగి మళ్లీ అడుగుతాము. ఈపాటికి అది గడువు తీరిన నిలువ సరుకు. ప్రాక్సీకి సర్వరుతో సంబంధం తెగిపోయి ఉంటేనో, అలా ఇవ్వడానికి ముందే అనుమతి ఉంటేనో తప్ప, సర్వరును అడగకుండా దానిని ఇవ్వకూడదు. ఏజ్‌ను చదవని ప్రాక్సీ దానిని తాజా పేజీగానే భావించి ఇచ్చేస్తుంది. ఇలా వేచి చూడవలసిన పరీక్షలు వందల్లో ఉంటాయి. ఒకదాని తరువాత ఒకటి నడిపితే రోజులు పడుతుంది గనుక, వేర్వేరు చిరునామాలతో వాటన్నిటినీ ఒకేసారి నడుపుతాము. పేజీ గడువు తేదీ చెప్పే ఎక్స్‌పైర్స్ హెడర్‌లో తేదీ బదులు సున్నా వస్తే దానిని గడిచిపోయిన కాలంగానే తీసుకోవాలన్నటువంటి చిన్న నియమాలు ఇంకా చాలా ఉన్నాయి. అవి చదివితే మీకే తెలుస్తాయి.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన చోటికి వద్దాము. సందేశం ఎక్కడ ముగుస్తుందో ప్రాక్సీ, దాని వెనుక ఉన్న సర్వరు వేర్వేరుగా లెక్కపెడితే ఏమవుతుంది? సందేశం పొడవు చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. "కంటెంట్-లెంగ్త్" అంటే మొత్తం బైట్లెన్నో ముందే చెప్పడం. "ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్: చంక్డ్" అంటే ముక్కలు ముక్కలుగా పంపి, సున్నా పొడవు గల ముక్కతో ముగించడం. సర్వరుకు సమాచారం పంపే ఒకే పోస్ట్ అభ్యర్థనలో రెండూ ఉన్నాయనుకోండి. కంటెంట్-లెంగ్త్ 6 అంటుంది. దాని వెంట వచ్చిన ఆరు బైట్లు ఇవి: ఒక సున్నా, పంక్తి ముగింపుకు రెండు బైట్లు, ఖాళీ పంక్తి ముగింపుకు మరో రెండు, ఆఖరున ఒక్క ఇంగ్లీషు "జి" అక్షరం. కంటెంట్-లెంగ్త్‌ను నమ్మిన ప్రాక్సీ ఆరు బైట్లనూ ఒకే సందేశంగా వెనక్కి పంపుతుంది. చంక్డ్‌ను నమ్మిన సర్వరుకు అయిదో బైటుతోనే సందేశం ముగిసింది. మిగిలిన ఆ "జి" తరువాతి అభ్యర్థనకు మొదటి అక్షరం అవుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న కనెక్షన్ ఎందరో వాడుకునేది. తరువాత వచ్చిన ముక్కూ ముఖం తెలియని మనిషి "పోస్ట్" అంటే సర్వరుకు "జీపోస్ట్" అని వినిపిస్తుంది. ఒక్క అక్షరం కాబట్టి ఇక్కడ పోయింది ఆ మనిషి అభ్యర్థన ఒక్కటే. ఆ చోట దాడిచేసేవాడు ఒక పూర్తి అభ్యర్థననే దాచిపెట్టగలడు. దీనిని రిక్వెస్ట్ స్మగ్లింగ్ అంటారు. 2005 లోనే దీని మీద వివరమైన పత్రం వెలువడింది, 2019 తరువాత మళ్లీ పెద్దగా చర్చకు వచ్చింది.

ప్రమాణం దీని గురించి ఏమంటుందో చూస్తే, అది సంవత్సరాలతో పాటు గట్టిపడటం కనిపిస్తుంది. 1999 పత్రం "రెండూ ఉంటే కంటెంట్-లెంగ్త్‌ను పట్టించుకోవద్దు" అని మాత్రమే అంది. నేటి 9112 ప్రకారం సర్వరు ఆ అభ్యర్థనను తిరస్కరించవచ్చును, లేదా చంక్డ్‌ను మాత్రమే నమ్మి నడపవచ్చును. ఏది చేసినా జవాబిచ్చాక ఆ కనెక్షన్‌ను మూసివేయవలెను. మధ్యవర్తి ముందుకు పంపదలిస్తే కంటెంట్-లెంగ్త్‌ను ముందుగా తీసివేయవలెను. కాబట్టి మన పరీక్షలో ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులున్నాయి. తప్పు అభ్యర్థన అని చెప్పే 400 జవాబు వచ్చినా సరే, శుభ్రం చేసిన సందేశం అటు చేరి కనెక్షన్ మూతపడినా సరే. రెండు హెడర్లూ ఉన్నవి ఉన్నట్టుగా అటు చేరితే మాత్రం ఉల్లంఘన. సరైన జవాబు ఒక్కటే అనుకుని పరీక్ష రాస్తే మంచి ప్రాక్సీని కూడా తప్పు పట్టినవారమవుతాము.

దీనికి దగ్గరిదే ఇంకొకటి: హెడర్ పేరుకూ కోలన్‌కూ మధ్య ఖాళీ. అభ్యర్థనలో అలా వస్తే 400 తో తిరస్కరించవలెను. సర్వరు పంపిన జవాబులో వస్తే ప్రాక్సీ ఆ ఖాళీని తీసేసి ముందుకు పంపవలెను. ఒకే లోపానికి రాకలో ఒక నియమం, పోకలో మరో నియమం. పరీక్షలను ఒకే దిక్కున రాసి రెండో దిక్కుకు నకలు తీస్తే ఇటువంటి చోట్ల దెబ్బతింటాము.

తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండు, ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండు అన్న ఇంటర్నెట్ తొలి నిర్మాతలలో ఒకరైన జాన్ పోస్టెల్ సూత్రం, బైట్లను వరుస తప్పకుండా చేర్చే టీసీపీ నియమాల 1980 నాటి పత్రంలో ఉంది. ఇంటర్నెట్ ఎదగడానికి అది ఎంతో తోడ్పడింది, ఆయన పట్ల నాకు గౌరవమే. కానీ మధ్యవర్తి విషయంలో ఆ ఉదారతను నేను సమర్థించను. చివర ఉన్నవాడు ఉదారంగా అర్థం చేసుకుంటే నష్టం అతనిదే. మధ్యలో ఉన్నవాడు ఒక విధంగా అర్థం చేసుకుని, మూల బైట్లను మార్చకుండా తరువాతివాడికి అందిస్తే, అతడు మరో విధంగా అర్థం చేసుకుంటాడు. ఆ రెండు అర్థాల మధ్య సందులోనే స్మగ్లింగ్ ఉంది. 2023 లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 కూడా ఆ ఉదారతకు కాలక్రమంలో ప్రోటోకాల్ చెల్లించే మూల్యాన్ని చర్చించింది.

తీర్పు ఇచ్చేటప్పుడు ఏ సంవత్సరపు ప్రమాణం అన్నది కూడా చెప్పాలి. నిలువ పేజీ ఇచ్చినప్పుడు "వార్నింగ్: 110" అన్న హెడర్ చేర్చడం 1999 లో వలెను. 2014 లో అది దగును అయింది. 2022 లో ఆ హెడర్‌నే వాడుకలోంచి తీసేశారు. ఒక్క అక్షరం మారని ప్రాక్సీ మొదటి పత్రం ప్రకారం తప్పు, చివరి పత్రం ప్రకారం ఒప్పు. "ప్రమాణానికి కట్టుబడి ఉంది" అని పెట్టె మీద అచ్చు వేసేవారిని ఏ ప్రమాణానికని అడగడం కొనేవారి హక్కు.

ఇవన్నీ మీరు మొదటి నుంచి రాసుకోనక్కర లేదు. ది మెజర్‌మెంట్ ఫ్యాక్టరీ అన్న సంస్థ వారి కో-అడ్వైజర్ అనే ప్రోగ్రాము ఇటువంటి పరీక్షల కోసమే తయారైనది. 1996 నుంచి నడుస్తున్న స్క్విడ్ ప్రాక్సీ మార్పుల చరిత్ర చదివితే, ఏ సవరణ ఏ కో-అడ్వైజర్ పరీక్ష వల్ల జరిగిందో పేరుతో సహా కనిపిస్తుంది. విద్యార్థులకు నేను దానిని పాఠంలా చదవమంటాను. హెచ్‌టీటీపీ పత్రాల సంపాదకులలో ఒకరైన మార్క్ నాటింగ్‌హామ్ నిర్వహించే క్యాష్ పరీక్షలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. బ్రౌజర్లు, స్క్విడ్, వార్నిష్, ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రాక్సీలు ఒకే పరీక్షకు ఎలా వేర్వేరుగా స్పందిస్తాయో అక్కడ పక్కపక్కన చూడవచ్చు. అవి నడిపి చూశాక ఒక నియమం ఎంచుకుని మీ సొంత పరీక్ష ఒకటి రాయండి. పరీక్ష విఫలమైతే ప్రాక్సీని నిందించే ముందు ఆర్‌ఎఫ్‌సీలోని ఆ వాక్యాన్ని మరొకసారి చదవండి. నా అనుభవంలో కొత్త పరీక్ష మొదటిసారి ఎర్రగా వచ్చినప్పుడు తప్పు చాలాసార్లు పరీక్షదే.

"ఇప్పుడంతా టీఎల్‌ఎస్ గదా, మధ్యవాడికి ఏమి కనిపిస్తుంది?" అని ముందు వరుసలోంచి ఒకరు అడుగుతున్నారు. టీఎల్‌ఎస్ అంటే దారిలో ఎవరూ చదవకుండా సందేశానికి వేసే తాళం. కనెక్ట్ పద్ధతిలో సొరంగం తవ్వే ప్రాక్సీకి నిజంగానే లోపలిది కనిపించదు. కానీ సర్వరు ముందు నిలిచే రివర్స్ ప్రాక్సీ దగ్గర ఆ తాళం విప్పబడుతుంది. పేజీల నకళ్లను అనేక చోట్ల ఉంచి పంచే సీడీఎన్ దగ్గరా అంతే. తాళం పడ్డ తరువాత కూడా మీ పేజీని చదివి, దాచి, పంచిపెట్టే యంత్రాలు అవే. ఆ కళాశాలలోనూ చిరునామా పక్కన తాళం గుర్తు ఉండనే ఉంది.

ఆ కళాశాల సంగతి చెప్పి ముగిస్తాను. పరీక్ష నడిపి, ఏ వాక్యం ఉల్లంఘించబడిందో రాసి, పంపిన బైట్లూ చేరిన బైట్లూ జతచేసి ప్రాక్సీ తయారీదారుకు పంపాము. వారు వాదించలేదు. పోల్చే ముందు అక్షరాలన్నిటినీ చిన్నవిగా మార్చే ఒక్క వరుస చేర్చి కొత్త కూర్పు ఇచ్చారు. మళ్లీ నడిపితే ఆ పరీక్ష ఆకుపచ్చగా వచ్చింది. దానితో పాటు నడిపిన పక్క పరీక్షలో మాత్రం, ప్రైవేట్ అన్న మాట తరువాత సమానం గుర్తు పెట్టి కొటేషన్లలో ఒక హెడర్ పేరు రాసే రూపం ఉంది. ఆ హెడర్‌ను ఉమ్మడి క్యాష్ దాచకూడదని దాని అర్థం, ప్రమాణం ఈ రూపాన్ని కూడా అనుమతిస్తుంది. ఆ ప్రాక్సీ సమానం గుర్తు చూడగానే మళ్లీ ఇది తెలియని ఆదేశమనుకుంది, ఒక మనిషి కుకీని, అంటే అతడు ఎవరో సర్వరు గుర్తుపట్టే చీటీని, దాచి రెండో మనిషికి ఇచ్చింది. రెండో నివేదిక ఆ రాత్రే రాశాను.